పాఠం 7: విడి చిత్రాల నుంచి వీడియో – ఆదేశ పంక్తి సాధనాలతో

7.0 ఈ పాఠం ఎందుకు

మీ ప్రాజెక్టు పనిలో భాగంగా ఏదో ఒక మార్పును వరుస ఫొటోలుగా తీశారనుకుందాం. గింజ మొలకెత్తడం కావచ్చు, స్ఫటికం పెరగడం కావచ్చు, పెరట్లో నీడ జరగడం కావచ్చు. వందల ఫొటోలు మీ ఫోనులో ఉన్నాయి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి వేలితో జరుపుతూ అధ్యయన కేంద్రంలో కౌన్సెలర్‌కు చూపలేరు. వాటిని ఒక వీడియోగా మార్చాలి. ఈ పాఠం చదివిన తర్వాత మీరు ఆ పనిని రెండు ఉచిత సాధనాలతో, ఏ రుసుమూ లేకుండా, పాత కంప్యూటరు మీద కూడా చేయగలుగుతారు. అంతకన్నా ముఖ్యంగా, మీ వీడియో మీరు తీసిన ఫొటోలకు నిజంగా ప్రతిరూపమేనా, లేక మీకు తెలియకుండానే అబద్ధం చెబుతోందా అన్నది తేల్చుకోగలుగుతారు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పాఠంలో ఆదేశాలను తెలుగు లిపిలోనే, చదివినప్పుడు పలికే విధంగా ఇచ్చాను. కంప్యూటరు దగ్గర వాటిని ఆంగ్ల చిన్న అక్షరాలతో టైపు చేయాలి. అంకెలు, హైఫన్, చుక్క, శాతం గుర్తు, కొటేషన్ గుర్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. తికమక పడే చోట అక్షరాలను విడివిడిగా చెబుతాను.

7.1 వరుస, వ్యవధి

1878 జూన్‌లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఛాయాచిత్రకారుడు పరుగెత్తే గుర్రాన్ని 12 కెమెరాలతో వరుసగా ఫొటోలు తీశాడు. గుర్రం దూసుకుపోతున్నప్పుడు దారికి అడ్డంగా కట్టిన తీగలు తగిలి ఒక్కొక్క కెమెరా మీట పడేది. పరుగులో ఒక క్షణం నాలుగు కాళ్లూ నేలను వదులుతాయా లేదా అన్న సందేహం ఆ ఫొటోలతో తీరింది, వదులుతాయి. అయితే చిత్రకారులు అంతకు ముందు గీసినట్టు కాళ్లు ముందుకూ వెనక్కూ చాపుకొని ఉన్నప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకొని ఉన్నప్పుడు.

ఇక్కడ గమనించవలసింది ఏమిటి? ఆ ఫొటోలకు సాక్ష్యపు విలువ రావడానికి కారణం వాటి వరుస, వాటి మధ్య ఉన్న వ్యవధి. 5వ చిత్రాన్ని తీసి 8వ చిత్రం తర్వాత పెడితే అది వినోదం అవుతుంది, సాక్ష్యం కాదు. మన పనికీ ఇదే సూత్రం.

ఉదాహరణగా ఈ పాఠం పొడవునా ఒకే ప్రయోగాన్ని తీసుకుందాం. నానబెట్టిన పెసర గింజను గాజు గ్లాసు గోడకూ తడి దూదికీ మధ్య ఉంచారు. ఫోనును కదలకుండా నిలబెట్టి 10 నిమిషాలకు ఒక ఫొటో తీసేలా అమర్చారు. గంటకు 6, రోజుకు 144, మూడు రోజులకు 432 ఫొటోలు. సెకనుకు 12 ఫ్రేముల చొప్పున చూపిస్తే 432ను 12తో భాగించగా 36 సెకన్ల వీడియో వస్తుంది. ఒక సెకనులో 12 ఫ్రేములు, ఒక్కో ఫ్రేము 10 నిమిషాలు. అంటే తెర మీద 1 సెకను అసలు కాలంలో 2 గంటలకు సమానం. ఈ వాక్యాన్ని మీ వీడియో మొదట్లోనో, నివేదికలోనో తప్పక రాయండి. ఇది లేని వీడియో కొలబద్ద లేని పటం లాంటిది.

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, మన దేశపు టెలివిజన్‌కు 25 అని మీరు విని ఉంటారు. మొలక లాంటి నెమ్మది విషయానికి 10 నుంచి 15 చాలు. కొంచెం గతుకు కనిపిస్తుంది, కాని ఏ వేరు ఎప్పుడు వంగిందో చూసేవాడికి అందుతుంది.

7.2 రెండు సాధనాలు

మొదటిది ఇమేజ్‌మ్యాజిక్. డ్యూపాంట్ సంస్థలో పనిచేస్తున్న జాన్ క్రిస్టీ 1987లో దీన్ని మొదలుపెట్టాడు. 1990లో అందరికీ విడుదలైంది. విడి చిత్రాల పరిమాణం మార్చడం, తిప్పడం, కత్తిరించడం, రంగులు సరిచేయడం దీని పని. రెండోది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. 2000లో ఫాబ్రిస్ బెల్లార్ అనే ఫ్రెంచి ప్రోగ్రామరు ప్రారంభించాడు. వీడియో, ధ్వని దీని రంగం. మీరు వాడే ఎన్నో వీడియో సాఫ్ట్‌వేర్ల లోపల పనిచేసేది ఇదే. టైపు చేయవలసిన పేరు ఆరు అక్షరాలు: ఎఫ్, ఎఫ్, ఎం, పి, ఇ, జి.

బొమ్మలు, బటన్లు ఉన్న సాఫ్ట్‌వేరు ఉండగా ఈ టైపింగ్ ఎందుకని విద్యార్థులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది: బటన్లు నొక్కి చేసిన పనిని రేపు అచ్చం అలాగే మళ్లీ చేయడం కష్టం. ఆదేశం ఒక వాక్యం. దాన్ని నోటుపుస్తకంలో రాసుకోవచ్చు, నివేదికలో అనుబంధంగా పెట్టవచ్చు, ఎవరైనా అదే ఆదేశంతో అదే ఫలితాన్ని రాబట్టి మీ పనిని సరిచూడవచ్చు. ప్రయోగశాలలో పద్ధతిని రాసే అలవాటున్న వారికి ఇది కొత్తేమీ కాదు.

విండోస్ వాడే వారికి ఒక హెచ్చరిక. పాత పుస్తకాలలో ఇమేజ్‌మ్యాజిక్ ఆదేశం ‘కన్వర్ట్’ అనే మాటతో మొదలవుతుంది. విండోస్‌లో ఆ పేరుతో వేరే ప్రోగ్రాము ముందునుంచే ఉంది. అది డిస్కు ఫైలు వ్యవస్థను మార్చేది. కాబట్టి ఇమేజ్‌మ్యాజిక్ 7వ వెర్షన్‌ను స్థాపించుకొని, ప్రతి ఆదేశాన్నీ ‘మ్యాజిక్’ అనే మాటతోనే మొదలుపెట్టండి. ఈ మాట ఆంగ్లంలో ఎం, ఎ, జి, ఐ, సి, కె. నిఘంటువులో ఉన్నట్టు సి తర్వాత కె లేకుండా రాస్తే కంప్యూటరు గుర్తించదు.

ఆదేశ పంక్తిని తెరవడం సులువు. ఫొటోలున్న ఫోల్డరును తెరిచి, పైన చిరునామా పట్టీలో ఉన్నది చెరిపి సి, ఎం, డి అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. నల్లని కిటికీ అదే ఫోల్డరులో తెరుచుకుంటుంది.

7.3 అసలు ఫొటోలను కాపాడుకోవడం

ఆదేశాల దగ్గరికి వెళ్లే ముందు నా సొంత నిర్వాకం ఒకటి చెప్పుకోవాలి. వృక్షశాస్త్రం బోధించి రిటైరైన తర్వాత ఇంటి పందిరి మీద చిక్కుడు తీగ కొన చుట్టుకునే తీరును పదిహేను రోజులు ఫొటోలు తీశాను. మనవరాలికి ఫోనులో పంపుదామని వాటి పరిమాణం తగ్గించబోయాను. ఇమేజ్‌మ్యాజిక్‌లో ‘మోగ్రిఫై’ అనే ఉపఆదేశం ఉంది. అది చిత్రాన్ని మార్చి, మార్చినదాన్ని అదే పేరుతో పాతదాని మీదే రాస్తుంది. అడగదు. హెచ్చరించదు. ఎంటర్ నొక్కిన రెండు నిమిషాలకు నా ఫొటోలన్నీ 320 బిందువుల వెడల్పున్న తపాలా బిళ్లలైపోయాయి. వేరే నకలు లేదు. మళ్లీ తీద్దామంటే చిక్కుడు కాపు అయిపోయింది. మరుసటి ఏడాది దాకా ఆగవలసి వచ్చింది.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఈ విషయంలో కొంత మర్యాదస్తురాలు. ఆ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంటే, దాని మీద రాయమంటారా అని అడుగుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే ఆదేశాలలో ‘-వై’ కనిపిస్తే మాత్రం అది ‘అడగకుండా రాసెయ్’ అనే అనుమతి. తెలియకుండా దాన్ని వాడకండి.

అందుచేత మూడు ఫోల్డర్లు చేయండి: ‘అసలు’, ‘పని’, ‘చిన్న’. ఫోను నుంచి వచ్చినవి ‘అసలు’లో ఉంటాయి, వాటి పేర్లు కూడా మార్చవద్దు. ఒక నకలును ‘పని’లోకి తెచ్చుకోండి. ఇకపై ఆదేశాలన్నీ ‘పని’ ఫోల్డరులోనే. పరిమాణం తగ్గించడానికి ఇది సురక్షితమైన ఆదేశం:

మ్యాజిక్ మోగ్రిఫై -పాత్ ../చిన్న -ఆటో-ఓరియంట్ -రీసైజ్ 1280ఎక్స్720 *.జేపీజీ

‘-పాత్’ అన్నదే ఇక్కడ ప్రాణం. ఫలితాలను పక్కనున్న ‘చిన్న’ ఫోల్డరులో పెట్టమని అది చెబుతుంది. ఆ ఫోల్డరు ముందే ఉండాలి. ‘-ఆటో-ఓరియంట్’ నిలువుగా పట్టుకొని తీసిన ఫొటోలను నిజంగా నిలబెడుతుంది. ఫోనులో నిటారుగా కనిపించే ఫొటో చాలాసార్లు ఫైలులో పడుకొనే ఉంటుంది. ‘దీన్ని తిప్పి చూపించు’ అనే చీటీ మాత్రం దానికి అంటించి ఉంటుంది. ఆ చీటీని అన్ని సాఫ్ట్‌వేర్లూ చదవవు. ‘-రీసైజ్’ పక్కనున్న సంఖ్యలు గరిష్ఠ వెడల్పు, ఎత్తు. 4000కు 3000 బిందువుల ఫొటో నిష్పత్తి చెడకుండా 960కి 720 అవుతుంది.

7.4 పేర్లు, సంఖ్యలు

కంప్యూటరు పేర్లను అక్షర క్రమంలో చూసినప్పుడు ‘పెసర10’ అనే ఫైలు ‘పెసర2’ కన్నా ముందు వస్తుంది. 1 అనే అంకె 2 కన్నా ముందు కనుక. ఈ చిన్న విషయం వల్ల మొలక పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగే వీడియోలు చాలా చూశాను. దీనికి రెండు మందులు. ఒకటి, ముందు సున్నాలు పెట్టడం: 0002, 0010. రెండు, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు సంఖ్య ఎక్కడుందో నమూనా ద్వారా చెప్పడం.

ఫోను ఇచ్చే పేర్లలో తేదీ, సమయం ఉంటాయి. అవి వరుసలోనే ఉంటాయి కాని 1, 2, 3 అని సాగవు. విండోస్‌లో ‘చిన్న’ ఫోల్డరును పేరు ప్రకారం వరుసలో పెట్టి, మొదటి ఫైలు మీద క్లిక్ చేసి, కంట్రోల్, ఎ కలిపి నొక్కి, ఆపై ఎఫ్2 నొక్కి ‘పెసర’ అని ఆంగ్లంలో పేరు ఇవ్వండి. పెసర (1), పెసర (2) అంటూ అన్నింటికీ పేర్లు పడతాయి. సున్నాలు లేకపోయినా పరవాలేదు, నమూనా చూసుకుంటుంది.

అయితే ఇక్కడే మనం ముందు అనుకున్న అబద్ధం దూరే సందు ఉంది. రెండో రాత్రి ఫోను చార్జి అయిపోయి 2 గంటలు ఫొటోలు పడలేదనుకోండి. 12 ఫ్రేములు లేవు. పాత పేర్లలో ఆ ఖాళీ సమయాల్లో కనిపిస్తుంది. కొత్త పేర్లలో ఖాళీ మాయమవుతుంది. 1 నుంచి 420 దాకా చక్కగా వరుస. వీడియోలో మాత్రం వేరు ఒక్క క్షణంలో ఒక్క గెంతు వేస్తుంది. చూసేవారు దాన్ని మొక్క గుణం అనుకుంటారు. మీరు మోసం చేయలేదు, కాని మీ వీడియో చేసింది.

కాబట్టి పేర్లు మార్చే ముందే ‘అసలు’ ఫోల్డరులో సమయాలను ఒకసారి కిందిదాకా చూడండి. ఖాళీ ఉంటే, ఆ 12 స్థానాల్లో ఆఖరి ఫొటోను మళ్లీ మళ్లీ పెట్టవచ్చు. తెర మీద ఒక సెకను అంతా నిలిచిపోతుంది. లేదా బూడిద రంగు ఖాళీ చిత్రాలు పెట్టవచ్చు. నాకు రెండోదే ఇష్టం, ఎందుకంటే నిలిచిపోయిన చిత్రాన్ని కూడా ‘పెరుగుదల ఆగింది’ అని పొరబడే వీలుంది. ఏది చేసినా నివేదికలో ఒక వాక్యం రాయండి. చీకటిగా, మసకగా వచ్చిన ఫొటోలను అందం కోసం తీసెయ్యడం కూడా ఇలాంటి పనే.

7.5 వీడియో చేసే ఆదేశం

ఇప్పుడు ‘చిన్న’ ఫోల్డరులో నల్ల కిటికీ తెరిచి ఈ పంక్తిని టైపు చేయండి. ఇది ఒకే వరుస. మధ్యలో ఎంటర్ నొక్కవద్దు.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ -ఫ్రేమ్‌రేట్ 12 -ఐ "పెసర (%డి).జేపీజీ" -సి:వి లిబ్‌ఎక్స్264 -పిక్స్_ఎఫ్‌ఎంటి వైయువి420పి -సిఆర్‌ఎఫ్ 23 పెసర.ఎంపీ4

ఎడమ నుంచి కుడికి చదవండి. ‘-ఐ’ అంటే లోపలికి వచ్చేది. దానికి ముందున్నవన్నీ లోపలికి వచ్చే ఫొటోలకు వర్తిస్తాయి, తర్వాత ఉన్నవన్నీ బయటికి వెళ్లే వీడియోకు వర్తిస్తాయి. ఈ స్థానబలం తెలియకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మీకు ఎప్పటికీ అర్థం కాదు. తెలిస్తే సగం వచ్చేసినట్టే.

ఒక పరీక్ష చేద్దాం. ఫ్రేమ్‌రేట్ రాయడం మరచి, చివరలో ‘-ఆర్ 12’ అని రాశారనుకోండి. లోపలికి వచ్చే వేగం చెప్పలేదు గనుక సాధనం తనంతట తాను సెకనుకు 25 అనుకుంటుంది. 432 ఫొటోలు 17 సెకన్ల చిల్లరలో ముగుస్తాయి. బయటికి సెకనుకు 12 మాత్రమే కావాలన్నారు కాబట్టి ఆ 17 సెకన్లకు 207 దాకా ఫ్రేములు తీసుకొని, మిగతా సగానికి పైగా వదిలేస్తుంది. వీడియో బాగానే ఆడుతుంది. మీరు మూడు రోజులు కాపలా కాసిన ఫొటోలు సగం అందులో లేవు. కిటికీలో పని సాగుతున్నప్పుడు కనిపించే వరుసలో ‘ఫ్రేమ్’ పక్కన వచ్చే ఆఖరి సంఖ్య మీ ఫొటోల సంఖ్యతో సరిపోయిందో లేదో చూడండి. ‘డ్రాప్’ అనే మాట పక్కన సంఖ్య కనిపిస్తే ఫ్రేములు జారిపోయాయన్నమాట. ఈ ఒక్క తనిఖీ అలవాటు చేసుకుంటే చాలా పొరపాట్లు దొరుకుతాయి. ఫొటోల వరుసలో ఒక సంఖ్య లేకపోయినా వీడియో సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. అదీ ఈ లెక్కతోనే బయటపడుతుంది.

‘%డి’ అన్నది సంఖ్య ఉన్న చోటు. సున్నాలతో నాలుగంకెల పేర్లయితే ‘%04డి’ అని రాయాలి. ఇదే పంక్తిని విండోస్ బ్యాచ్ ఫైలులో దాచుకుంటే శాతం గుర్తును రెండుసార్లు వేయాలి, లేకపోతే పనిచేయదు.

‘-పిక్స్_ఎఫ్‌ఎంటి’ని పి, ఐ, ఎక్స్, అడుగు గీత, ఎఫ్, ఎం, టి అని టైపు చేయాలి. దీన్ని వదిలేస్తే, ముఖ్యంగా పీఎన్‌జీ చిత్రాలతో చేసినప్పుడు, వీడియో మీ కంప్యూటరులో ఆడుతుంది, అధ్యయన కేంద్రంలోనో కౌన్సెలర్ ఫోనులోనో ఆడకపోవచ్చు. కారణం, అప్పుడు రంగుల సమాచారం ప్రతి బిందువుకూ విడిగా నిల్వ అవుతుంది. చాలా ప్లేయర్లు నాలుగు బిందువులకు ఒక రంగు విలువ ఉండే పద్ధతినే ఎదురుచూస్తాయి. వైయువి420పి ఆ పద్ధతి పేరు. రంగును ఇలా రెండేసి బిందువుల చదరాలుగా పంచుకోవడం వల్లనే చిత్రం వెడల్పు, ఎత్తు సరిసంఖ్యలు కావాలి. ఎత్తు 2తో భాగింపబడదు అని సాధనం మొరాయిస్తే ‘-ఐ’ తర్వాత, ఫైలు పేరుకు ముందు ‘-విఎఫ్ స్కేల్=-2:720’ చేర్చండి. ఎత్తు 720కి వస్తుంది, వెడల్పు నిష్పత్తి ప్రకారం దగ్గరి సరిసంఖ్యకు సర్దుకుంటుంది.

‘-సిఆర్‌ఎఫ్’ నాణ్యత మీట. 0 నుంచి 51 దాకా ఉంటుంది. సంఖ్య పెరిగే కొద్దీ ఫైలు చిన్నదవుతుంది, చిత్రం పాడవుతుంది. 23 మామూలు విలువ. 18 దగ్గర కంటికి తేడా తెలియడం కష్టం. 6 పెంచితే ఫైలు దాదాపు సగమవుతుందని స్థూలంగా గుర్తుంచుకోండి. డేటా ప్యాకు అయిపోవచ్చిన రోజున పంపాలంటే 28 పెట్టి చూడండి.

ఒక్కో ఫొటో 3 ఎంబీ అనుకున్నా 432 ఫొటోలు 1.3 జీబీ. వీడియో అందులో ఏ మూలకూ రాదు. ఎందుకు? పరిమాణం తగ్గించడం ఒక కారణం. రెండోది, సాధనం ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు. ఒకదాన్ని పూర్తిగా దాచి, తర్వాతి వాటిలో మారిన భాగాన్ని మాత్రమే దాస్తుంది. గ్లాసు, దూది, గోడ కదలవు. వేరు కొన మాత్రమే కదులుతుంది. దీని నుంచి ఫొటోలు తీసేవారికి ఒక పాఠం ఉంది: ఫోను కొద్దిగా కదిలినా, దీపం వెలుతురు మారినా ప్రతి బిందువూ మారినట్టే లెక్క. ఫైలు ఉబ్బుతుంది, చూసేటప్పుడు తెర మిణుకుమంటుంది. ఈ మిణుకును కొంత తగ్గించే ‘డీఫ్లికర్’ అనే వడపోత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఉంది గాని, కిటికీ తలుపు మూసి ఒకే బల్బు వెలిగించడం అంతకన్నా మంచిది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీరు 5 నిమిషాలకు ఒకటి చొప్పున ఒక రోజంతా ఫొటోలు తీశారు. సెకనుకు 16 ఫ్రేములతో వీడియో చేశారు. వీడియో ఎన్ని సెకన్లు? తెర మీద 1 సెకను అసలు కాలంలో ఎంత? (జవాబు: 288 ఫొటోలు, 18 సెకన్లు, 80 నిమిషాలు.)

7.6 మీ గొంతు చేర్చడం

వీడియోకు తెలుగులో వ్యాఖ్యానం చేర్చాలంటే ఫోనులో రికార్డు చేసి, మొదటి ‘-ఐ’ తర్వాత రెండో ‘-ఐ’గా ఆ ధ్వని ఫైలు ఇవ్వండి, ముగింపు పేరుకు ముందు ‘-షార్టెస్ట్’ చేర్చండి. రెండింటిలో ఏది ముందు ముగిస్తే అక్కడ ఆపేయమని దాని అర్థం. వ్యాఖ్యానం 48 సెకన్లు, వీడియో 36 సెకన్లు అయితే మీ చివరి 12 సెకన్ల మాటలు పోతాయి. అప్పుడు మాటలు కత్తిరించకండి, ఫ్రేమ్‌రేట్ మార్చండి. 432ను 48తో భాగిస్తే 9. సెకనుకు 9 ఫ్రేములు పెడితే రెండూ కలిసి ముగుస్తాయి. 1 సెకను ఇప్పుడు 90 నిమిషాలు. నివేదికలో ఆ వాక్యం కూడా మార్చడం మరవకండి.

7.7 జిఫ్ ఎప్పుడు

జిఫ్‌ను కంప్యూసర్వ్ సంస్థ 1987లో తెచ్చింది. ఒక చిత్రంలో 256 రంగులకు మించి పట్టవు. ధ్వని ఉండదు. అయినా బతికి ఉంది, ఎందుకంటే ప్లేయరు లేకుండా బ్రౌజరులోనే తనంతట తాను ఆడుతుంది. నాలుగైదు సెకన్ల చిన్న కదలికకు, ఉదాహరణకు గింజ పొట్టు పగిలే ఆ కొద్ది ఫ్రేములకు అది చాలు.

మ్యాజిక్ -డిలే 8 -లూప్ 0 పొట్టు*.జేపీజీ పొట్టు.జిఫ్

డిలే సెకనులో వందో వంతుల్లో ఉంటుంది. 8 అంటే సెకనుకు 12.5 ఫ్రేములు, సరిగ్గా 12 కావాలంటే జిఫ్‌లో కుదరదు. డిలే 2 కన్నా తగ్గిస్తే వేగం పెరగకపోగా చాలా బ్రౌజర్లు దాన్ని 10గా తీసుకొని నెమ్మది చేస్తాయి. ‘-లూప్ 0’ అంటే ఆగకుండా మళ్లీ మళ్లీ. ఇక్కడ నమూనా సంఖ్య లేదు, నక్షత్రం గుర్తు మాత్రమే ఉంది కాబట్టి ముందు సున్నాలున్న పేర్లు తప్పనిసరి.

ఈ ఆదేశాన్ని 432 అసలు ఫొటోల మీద ప్రయోగించి కంప్యూటరు స్తంభించిపోయిందని చెప్పేవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. యంత్రం తప్పు కాదు. ఇమేజ్‌మ్యాజిక్ ఫొటోలన్నింటినీ ఒకేసారి మెమరీలోకి విప్పుకుంటుంది. డిస్కు మీద 3 ఎంబీ ఉన్న 12 మెగాపిక్సెళ్ల ఫొటో, బిందువుకు 8 బైట్ల లెక్కన విప్పితే 96 ఎంబీ. 432 ఫొటోలకు 41 జీబీ పైచిలుకు. మీ కంప్యూటరులో ఉన్నది 4 లేదా 8. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఫొటోలను ఒక్కొక్కటిగా తీసుకొని వదిలేస్తుంది గనుక ఈ ఇబ్బంది రాదు. పొడవాటి వరుసలకు దాన్నే వాడి, జిఫ్‌ను 40, 50 చిన్న ఫ్రేములకు పరిమితం చేసుకోండి.

అభ్యాసం

పెసర గింజతో కాకుండా మీకు నచ్చిన విషయంతో కనీసం 100 ఫొటోల వరుస తీయండి. వీడియోతో పాటు మూడు విషయాలు ఒక కాగితం మీద రాసి కౌన్సెలర్‌కు ఇవ్వండి: మీరు వాడిన పూర్తి ఆదేశం, తెర మీద 1 సెకనుకు అసలు కాలం ఎంత, వరుసలో ఎక్కడైనా ఖాళీ పడిందా, పడితే అక్కడ ఏం పెట్టారు. ఖాళీ పడినందుకు మార్కులు తగ్గవు.